కొర్రలు మంచివే, మరి కొలత?
(ఇంటి వంటకు ఆరోగ్య పాఠం)



కిందటి వేసవిలో మా డ్రెస్సింగ్ రూముకు ఒక తల్లి వచ్చింది. వయసు యాభై దాటింది. చల్లపల్లికి దగ్గర పల్లెటూరే. కుడికాలి చిటికెన వేలు దగ్గర పుండు. చెప్పు ఒరిసి వచ్చిందట, పదిహేను రోజులైనా మానలేదు. షుగర్ చూస్తే 340 ఉంది.

"అన్నం ముట్టుకుని ఆరు నెలలైంది సిస్టర్ గారూ. మూడు పూటలా కొర్రలే తింటున్నాను. షుగరెందుకు పెరిగిందమ్మా?" అని అడిగింది.

పక్కనే ఉన్న కోడలిని కదిపితే విషయం బయటపడింది. ఇదివరకు అన్నం ఎంత పెట్టుకునేదో కొర్రన్నం కూడా అంతే, పళ్ళెం నిండా. కొర్రలు మంచివని పైన ఇంకో గరిటె. కూర నంజుకోవడానికి మాత్రమే. అది చాలక, కొర్రలే మందు అనుకుని మాత్రలు మానేసింది. మానమని ఆమెకెవరూ చెప్పలేదు, తానే అనుకుంది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. అంతకు ముందు ఓ.పి.కి వచ్చినప్పుడు "అన్నం తగ్గించి కొర్రలు తినమ్మా" అని చెప్పినవాళ్ళం మేమే. ఎంత తినాలో చెప్పలేదు. చివరకు ఆ వేలు తీసేయవలసి వచ్చింది. అందుకే ఈసారి పాఠం కొర్రలు మంచివా కాదా అని కాదు. మంచివే. వాటిని మన పళ్ళెంలో ఎంత, ఎలా పెట్టుకోవాలన్నదే ఈ పాఠం.

ఈ మార్పు ఎలా వచ్చింది?

మన కృష్ణా డెల్టాలో అన్నమంటే వరి అన్నమే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ ప్రాంతమంతా వరి పెరిగింది. జొన్న సంకటి, కొర్రన్నం మెల్లగా మెట్ట ప్రాంతాల తిండి అయిపోయాయి. కొంతకాలానికి కొర్రలు చిలకలకు, పావురాలకు వేసే గింజలయ్యాయి.

ఇప్పుడవే గింజలు అందమైన సంచులలో కిరాణా కొట్లకు తిరిగి వచ్చాయి. మన దేశం 2018ని, ఐక్యరాజ్య సమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాయి. ప్రొద్దుటూరు ప్రాంతంలో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలి గారి ఉపన్యాసాల వల్ల కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు అనే అయిదు పేర్లు తెలుగు ఇళ్ళలో అందరికీ నోటికి వచ్చాయి. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అదే సంవత్సరం మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వ బడులలో పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు.

మర్చిపోయిన మంచి తిండి మళ్ళీ గుర్తుకు రావడం సంతోషమే. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షలు. కాబట్టి ఏ తిండి గురించి అయినా సగం తెలుసుకుని ఆగిపోకూడదు.

గింజలో ఏముంది?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి గింజలలో ఉండేవి ఇవి:

బియ్యం – సుమారు 356 కేలరీలు, పీచు 3 గ్రాముల లోపు.
జొన్నలు – సుమారు 334 కేలరీలు, పీచు 10 గ్రాములు.
రాగులు – సుమారు 320 కేలరీలు, పీచు 11 గ్రాములు.
సామలు – సుమారు 346 కేలరీలు, పీచు 7 నుంచి 8 గ్రాములు.

కేలరీలు చూడండి, పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది. పీచు ఉంటే కడుపు త్వరగా నిండుతుంది, తిన్నది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. కొర్రలు కూడా ఈ కుటుంబంలోవే. ఇవి కూడా పిండి పదార్థమే, మందు కాదు. రెండింతలు తింటే షుగర్ పెరుగుతుంది.

రాగులకు ఇంకో గొప్ప గుణం ఉంది. 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో 10 కూడా ఉండదు. ఎదిగే పిల్లలకు, బాలింతలకు, ఎముకలు పలచబడే వయసు స్త్రీలకు రాగులు ఎంతో మేలు.

పళ్ళెం ఎలా ఉండాలి?

పళ్ళెం మధ్యలో ఒక గీత ఉందనుకోండి. సగం పళ్ళెం కూరలు, ఆకుకూరలు. తోటకూర, బచ్చలి, గోంగూర, బీర, సొర, దొండ, ఏది దొరికితే అది. మిగిలిన సగంలో ఒక భాగం అన్నం లేక కొర్రన్నం. ఇంకో భాగం పప్పు, గుడ్డు, చేప వంటివి. దుంపకూరను కూర వైపు కాక అన్నం వైపు లెక్కవేయండి.

షుగర్ ఉండి, ఒంటి పని ఎక్కువ లేనివారికి పూటకు 50, 60 గ్రాముల పచ్చి గింజ చాలు. ఇంట్లో టీ కప్పుతో కొలిస్తే సుమారు సగం కప్పు. పొలం పనికి వెళ్ళేవారికి ఇది చాలదు, వారి కొలత డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. కొర్రలు తిన్న పూట అన్నం ఉండకూడదు. రెండూ కావాలంటే రెండూ కలిపి ఆ సగం కప్పే. చివర "పెరుగులోకి కొంచెం" అని పెట్టుకునే అన్నం కూడా ఆ లెక్కలోదే.

వండే పద్ధతి

1. కొర్రన్నం: కొర్రలు రెండుసార్లు కడిగి కనీసం రెండు గంటలు నానబెట్టండి. గ్లాసు కొర్రలకు రెండు నుంచి రెండున్నర గ్లాసుల నీళ్ళు. మొదటి వారం మూడు వంతుల బియ్యానికి ఒక వంతు కొర్రలు కలిపి వండండి. ఒంటికి పడితే రెండో వారం సగం సగం చేయండి. ఒక్కసారిగా మారిస్తే కడుపు ఉబ్బరం వస్తుంది, ఇంట్లోవాళ్ళు మళ్ళీ ముట్టుకోరు.

2. కొర్రల పెసరట్టు: రెండు కప్పుల పెసలు, ఒక కప్పు కొర్రలు ఆరు గంటలు నానబెట్టి అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బండి. పులియబెట్టనవసరం లేదు. పైన ఉల్లిపాయ చల్లండి. లోపల ఉప్మా పెట్టవద్దు.

3. జొన్న ఇడ్లీ: కప్పు మినప్పప్పుకు రెండు కప్పుల ఇడ్లీ రవ్వ వేసేచోట ఒక కప్పు ఇడ్లీ రవ్వ, ఒక కప్పు జొన్న రవ్వ వేయండి. మినుములు మన చేలలో పండేవే. వరి కోతకు ముందు చేలో చల్లి, ఆ తేమతోనే పండించే పంట. బలమైన మాంసకృత్తులు ఇంటి ముందే ఉన్నాయి.

4. రాగి జావ: రెండు చెంచాల పిండి చల్లటి నీళ్ళలో కలిపి, మరిగే నీళ్ళలో పోసి బాగా ఉడికించండి. చల్లారాక మజ్జిగ, చిటికెడు ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. షుగర్ ఉన్నవారు బెల్లం వేసుకోకూడదు. ఒక సంగతి గుర్తుంచుకోండి. మెత్తటి పిండిని పలుచగా కాచి తాగితే షుగర్ త్వరగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవారికి గింజగా వండిన అన్నమే జావ కంటే మేలు.

కొత్త పేర్లు, పాత వస్తువులు

పట్నం నుంచి వచ్చిన పిల్లలు క్వినోవా, ఓట్స్, చియా గింజలు అడుగుతారు. అవి చెడ్డవి కావు, కానీ ఖరీదు ఎక్కువ. క్వినోవాకు బదులు సామలు, ఓట్స్‌కు బదులు జొన్న రవ్వ, చియాకు బదులు వేయించి పొడి చేసిన అవిసె గింజలు వాడుకోవచ్చు. ప్రోటీను డబ్బా కొనేముందు ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల పప్పులో సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయని గుర్తు చేసుకోండి. పండును రసం తీయక ముక్కలుగా తినండి.

గానుగ నూనె మంచిదే, కానీ అదీ నూనే. ఏ నూనె అయినా నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడు లీటర్లు చాలు. "మల్టీగ్రెయిన్" అని రాసిన బిస్కట్ల వెనుక వైపు చదవండి. ఏది ఎక్కువ బరువు ఉంటే దాని పేరే ముందు రాస్తారు. మొదటి పేరు మైదా, రెండోది పంచదార అయితే అది మామూలు బిస్కట్టే.

కొర్రలు కొనేటప్పుడు మరీ తెల్లగా మెరిసేవి వద్దు. పాలిష్ ఎక్కువైతే తౌడుతోపాటు పీచు పోతుంది. తౌడున్న గింజ త్వరగా చెడువాసన వేస్తుంది, కనుక కొంచెం కొంచెంగానే కొనండి.

జాగ్రత్తలు

ఇన్సులిన్ తీసుకునేవారు, షుగర్ మాత్రలు వాడేవారు డాక్టరుగారికి చెప్పకుండా తిండి ఒక్కసారిగా తగ్గించకూడదు. ఇన్సులిన్ మామూలుగా వేసుకుని, రాత్రి భోజనం మానేసి, పలుచటి జావ తాగి పడుకున్న ఒక పెద్దాయనను తెల్లవారుజామున చెమటలతో, మాట తడబడుతుండగా ఇంట్లోవాళ్ళు మోసుకుని వచ్చారు. షుగర్ 42 ఉంది. సమయానికి వచ్చారు కనుక కోలుకున్నారు.

చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కనిపిస్తే షుగర్ తగ్గిందేమో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, లేక చూసే మిషను దగ్గర లేకపోతే, వెంటనే మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

కిడ్నీ జబ్బు ఉన్నవారు చిరుధాన్యాలు, పప్పులు ఎంత తినాలో ముందు డాక్టరుగారిని అడగాలి. చిన్నపిల్లలకు, గర్భిణీలకు ఏ రకం డైటూ పెట్టవద్దు. వారికి అన్నీ కావాలి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

1. నిన్న రాత్రి మన ఇంట్లో ఒక్కొక్కరి పళ్ళెంలో కూర ఎంత, అన్నం ఎంత?
2. మన బియ్యం కొలిచే గ్లాసు ఎన్ని గ్రాములు పడుతుంది? కిరాణా కొట్టు త్రాసులో తూచి చూశామా?
3. ఇంట్లో షుగర్ ఉన్నవారి మందులు ఎవరు చూస్తున్నారు? వారికి తెలియకుండా ఏవైనా ఆగిపోయాయా?

ఆ తల్లి ఇప్పుడు రెండు నెలలకొకసారి వస్తోంది. మాత్రలు వేసుకుంటోంది. కొర్రలు మానలేదు, మానమని మేమూ చెప్పలేదు. కిందటిసారి సంచిలోంచి ఒక టీ కప్పు తీసి చూపించింది. సగానికి ఎర్రటి గోళ్ళరంగుతో గీత గీసి ఉంది. "మా కోడలు గీసింది సిస్టర్ గారూ, దీన్ని దాటనివ్వడం లేదు" అని నవ్వింది. భోజనం చేసి రెండు గంటలైందట. షుగర్ చూస్తే 156 ఉంది.

ఇప్పుడు మేము డిశ్చార్జి చీటీ మీద "కొర్రలు తినండి" అని రాయడం లేదు. "పూటకు సగం టీ కప్పు" అని రాస్తున్నాము. మీ ఇంట్లో కూడా ఒక కప్పుకు ఈ రోజే గీత గీయండి.