చివరివాని చుట్లను లెక్కించువారెవరు?

పరుగుపందెమనగానే మన కన్ను ముందున్నవాని మీదికే పోవును. ఈ పాఠములో మనము వెనుకనున్నవానిని గూర్చియు, గీత ప్రక్కన కాగితమును పెన్సిలును పట్టుకొని అతని చుట్లను వ్రాయుచున్నవానిని గూర్చియు ఆలోచింతము.

1. పందెము యొక్క స్వరూపము

ప్రామాణికమైన మైదానములో లోపలి వరుసన ఒక చుట్టు 400 మీటర్లు. దీనినే రౌండు అనియు ల్యాపు అనియు వాడుకగా అందురు. 10,000 మీటర్లకు 25 చుట్లు. 5,000 మీటర్లకు పన్నెండున్నర. ఆ అర చుట్టు మొదటనే వచ్చును. పందెము ముగింపు గీతకు ఎదుటి ప్రక్కన ఆరంభమగును గనుక, ఆ గీతను మొదటిసారి దాటునప్పటికి 200 మీటర్లే అయియుండును. ఇంకను 12 చుట్లు మిగిలియుండును. ఆ మొదటి దాటును ఒక చుట్టుగా ఎంచినవాడు ఒక చుట్టు ముందుగానే ఆగిపోవును.

లెక్క అవసరము ప్రాచీనమైనదే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయములో పరుగుపందెమును ఉదాహరణగా తీసికొనెను. కొరింథునకు సమీపముననే ఇస్తమియ క్రీడలు జరుగుచుండెను. ఆనాటి దూరపు పందెములో పరుగిడువారు పొడవైన మైదానపు ఒక కొననుండి మరియొక కొనకు పోయి, అచ్చటి స్తంభమును చుట్టి మరల వచ్చుచుండిరి. ఎన్నిసార్లు తిరిగిరో తెలియనిచోట పందెమునకు ముగింపు లేదు.

2. పెద్దల పందెములోని ప్రత్యేకమైన చిక్కు

మాస్టర్స్ పోటీలు 35 ఏండ్లు నిండినవారికి ఏర్పడినవి. 1975లో టొరంటో నగరమున వీరి మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. అయిదేసి ఏండ్లకొక తరగతి చొప్పున ఫలితములు ప్రకటింతురు. అయితే పోటీదారులు కొద్దిమందియే యున్నప్పుడు పలు తరగతులవారిని ఒకే పందెములో పరుగెత్తింతురు. అప్పుడు నలువది ఏండ్లవాడును డెబ్బది ఏండ్లవాడును ఒకే గీతమీద నిలుతురు.

5,000 మీటర్ల పందెమును తీసికొందము. ముందువాడు చుట్టుకు 80 సెకండ్ల చొప్పున పోయి 16 నిమిషముల 40 సెకండ్లలో ముగించెననుకొనుడి. చుట్టుకు రెండు నిమిషములు పట్టు వృద్ధునికి ఆ క్షణమున ఇంకను నాలుగు చుట్లకు పైగా మిగిలియుండును. గీత యొద్దనున్న పలక ముందువాని లెక్కనే చూపును. కడపటి చుట్టు గంట అతని కొరకే మ్రోగించి ఊరకున్నయెడల, అలసిన వృద్ధుడు అది తనకేయని భ్రమపడవచ్చును. ఒక చుట్టు తక్కువైన అతని పరుగు లెక్కలోనికి రాదు; ఎక్కువైన, ఆ వయస్సున అనవసరమైన శ్రమను అతనిమీద మోపినట్లగును.

3. లెక్క వ్రాయువాని బాధ్యత

ఇందువలననే 1,500 మీటర్లకు మించిన పందెములలో ప్రతివాని చుట్లను లెక్కించుటకు నిబంధనలు మనుష్యులను నియమించుచున్నవి. 5,000 మీటర్లును అంతకు మించినవియునైన పరుగులలో ఒకడు నలుగురికంటె ఎక్కువమంది లెక్కను వహింపరాదు. గీత దాటిన ప్రతిసారి గడియారపు సమయమును కార్డుమీద వ్రాయవలెను. చుట్టు వెనుకబడినవానికి ఆ సంగతి తెలుపవలెను. కడపటి చుట్టును ప్రతివానికి వేరువేరుగా సూచింపవలెను. పెద్ద పోటీలలో నేడు ఎలక్ట్రానిక్ చిప్పులు ఈ పని చేయుచున్నవి. చిన్న మైదానములలో కన్నును పెన్సిలునే నమ్మవలెను.

గీత గీసి ఊరకుండక సమయమును వ్రాయుట ఎందుకు? పైన చెప్పిన వృద్ధుడు మొదట 1వ నిమిషమునను, తరువాత 3, 5, 7, 9 నిమిషములకును గీతను దాటును. కార్డుమీద 9 తరువాత 13 ఉన్నయెడల, అతడు నిలిచిపోలేదు. వ్రాయువాడే 11ను విడిచెను. వట్టి గీతలలో ఈ లోపము కనబడదు. సమయములలో తానై బయటపడును.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలోను, దాని చేరువనున్న ఉతైలోను నివసించు మన పాఠకులకు ఈ మాట సులభముగా బోధపడును. భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్టు ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైనది. ఆ పనిని నమ్ముకొని అనేక తెలుగు కుటుంబములు అచ్చటికి తరలివెళ్లినవి. అచ్చట తయారగు రైలు పట్టాలమీద హీటు నంబరు ముద్రింతురు. తరువాత పట్టాలో దోషము కనబడిన, ఆ నంబరును బట్టి అది ఏ కరగింపులోని ఉక్కో వెదకి తెలిసికొందురు. లెక్క మనుష్యుని నిందించుటకు కాదు, తప్పు ఎచ్చట జరిగెనో కనుగొని దిద్దుటకే.

4. లెక్క తప్పినప్పుడు

1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ పందెమున లెక్కించువారి పొరపాటువలన అందరును ఒక చుట్టు అధికముగా పరుగెత్తిరి. ఫిన్లాండు దేశపు ఇసో-హొల్లో ఎటులైనను ముందుండెను. అమెరికా దేశపు మెక్‌క్లస్కీ 3,000 మీటర్ల యొద్ద రెండవవాడు. కాని ఆ అదనపు చుట్టులో బ్రిటనుకు చెందిన ఎవెన్‌సన్ అతనిని దాటి వెండి పతకమును పొందెను. మరల పరుగు పెట్టుదుమని అధికారులు చెప్పగా మెక్‌క్లస్కీ అందుకు ఒప్పుకొనలేదు. అతని ఔదార్యము కొనియాడదగినది. అయినను అది గీత యొద్ద జరిగిన అజాగ్రత్తను తుడిచివేయలేదు.

పరుగిడువాడును మెలకువగా నుండవలెను. 2019లో లౌసాన్ నగరమున 5,000 మీటర్ల పందెములో ముందున్న ఇథియోపియా వీరుడు హగోస్ గెబ్రివెత్ ఒక చుట్టు మిగిలియుండగానే గెలిచితినని ఆగి, పదియవ స్థానమునకు జారిపోయెను. ప్రథమ శ్రేణివాడే ఇట్లు తడబడగా, ఎండలో డెబ్బది ఏండ్లవాని మాట చెప్పనేల?

5. మనము చేయదగినది

బడి మైదానములో సున్నముతో 200 మీటర్ల వలయము గీసి పెద్దలకు పోటీ పెట్టినను ఇదే నియమము చెల్లును. అచ్చట 5,000 మీటర్లకు 25 చుట్లగును, వెనుకబడుటయు రెండింతలగును. కావున ముందుగానే ఎవరి లెక్క ఎవరిదో నిర్ణయింపుడి. ఆ నలుగురి ముఖములను నంబరులను గుర్తెరుగుడి. వారు దాటునప్పుడు మిగిలిన చుట్లను బిగ్గరగా చెప్పుడి. బహుమానములు పంచు తొందరలో లేచిపోకుడి. కడపటివాడు గీత దాటువరకు మీ కార్డు ముగియలేదు.

ముందువానిని జనులందరు చూచుదురు. అతని లెక్క తప్పిన పలువురు కేకవేయుదురు. వెనుకనున్నవానికి ఆ ఒక్క కార్డే సాక్షి. అతడు పరుగెత్తిన ప్రతి చుట్టు అతనిదే. దానిని తగ్గించుటకు గాని పెంచుటకు గాని మనకు హక్కు లేదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. చుట్టును గీతతో గుర్తించుటకును సమయముతో వ్రాయుటకును భేదమేమి?
2. గంట ముందువానికే మ్రోగినయెడల ఎవరికి నష్టము? ఎందువలన?
3. మీ ఊరిలో, మీ సంఘములో, ఎవరును లెక్కింపని చుట్లను పరుగెత్తుచున్న పెద్దలెవరు?