అసలు కారు ఏది?

మిలిందుడనే యవనరాజు ఒకనాడు నాగసేన భిక్షువును చూడడానికి రథమెక్కి వచ్చాడని ‘మిలింద పన్హ’ అనే పాళీ గ్రంథం చెబుతుంది. రాజు వచ్చిన వాహనాన్నే నాగసేనుడు చర్చకు ఆధారం చేసుకున్నాడు. నొగ రథమా? ఇరుసు రథమా? చక్రాలా, కాడియా, పగ్గాలా? వీటిలో ఏ ఒక్కటీ రథం కాదని రాజు ఒప్పుకోవలసి వచ్చింది. అవన్నీ కూడినప్పుడు లోకవ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథమని తేలింది. భిక్షువుకు కావలసింది రథం గురించిన జ్ఞానం కాదు, మనిషిని గురించిన తత్త్వం. అయినా ఆ ప్రశ్న వాహనాలను వదిలిపెట్టలేదు. సుమారు రెండు వేల సంవత్సరాల తరువాత, 1990లో, లండన్ హైకోర్టు ఒక మోటారు కారు విషయంలో దాదాపు అదే ప్రశ్నకు తీర్పు చెప్పవలసి వచ్చింది.

ఆ కారు పేరు ‘ఓల్డ్ నంబర్ వన్’. ఇంగ్లండుకు చెందిన బెంట్లీ సంస్థ ‘స్పీడ్ సిక్స్’ అనే పేరుతో తయారుచేసిన పందెపు కార్లలో అది ఒకటి. ఫ్రాన్సులోని లెమాన్ పట్టణంలో ఇరవై నాలుగు గంటలపాటు నిర్విరామంగా సాగే పందెంలో 1929లోనూ, 1930లోనూ వరుసగా అదే గెలిచింది. రెండు పర్యాయాలూ దానిని నడిపినవారిలో బెంట్లీ సంస్థ అధ్యక్షుడు వుల్ఫ్ బార్నాటో ఉన్నాడు. మొదటిసారి హెన్రీ బిర్కిన్, రెండవసారి గ్లెన్ కిడ్‌స్టన్ అతనికి తోడుగా నడిపారు.

పందెపు కారు బతుకు ప్రశాంతమైనది కాదు. ప్రతి పోటీ తరువాత అరిగిన భాగాలు తొలగించేవారు, బలమైనవి అమర్చేవారు. 1932 నాటికి దానిలో ఎనిమిది లీటర్ల పెద్ద ఇంజను చేరింది. ఆ సంవత్సరం బ్రూక్‌లాండ్స్‌లో జరిగిన 500 మైళ్ల పందెంలో కారు ఎత్తయిన వాలుగట్టు దాటి కింద పడింది. నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. ధ్వంసమైన కారును బార్నాటో మళ్లీ కట్టించి, పైకప్పు గల వాహనంగా మార్పించుకున్నాడు. తరువాతి దశాబ్దాలలో యజమానులు మారారు, ఆకృతి కూడా మారింది.

1990లో దానిని కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. అయితే కొనుగోలుదారు వెనుకంజ వేశాడు. లెమాన్‌లో గెలిచిన కారులోని భాగాలు ఇందులో లేనప్పుడు ఇది ఆ కారు ఎలా అవుతుందని అతని వాదన. భాగాల లెక్క తీస్తే ఆ వాదనలో బలం లేకపోలేదు. 1929 నాటివని నిశ్చయంగా చెప్పదగినవి ఏవీ మిగలలేదు. 1930 నాటివి పెడల్ షాఫ్టు, గేర్ పెట్టె తొడుగు, స్టీరింగ్ కాండం వంటి కొద్దిపాటివి మాత్రమే. అయినా న్యాయమూర్తి ఒట్టన్ అమ్మకందారు పక్షానే తీర్పు చెప్పాడు. మార్పులన్నీ ఒక్కసారిగా జరగలేదు. కొంచెం కొంచెంగా, కారు పనిచేస్తుండగానే జరిగాయి. కొత్తగా చేరిన ప్రతి భాగమూ పాతవాటితో కలిసిపోయింది. చరిత్రలో ఎక్కడా తెగిపోయిన చోటు లేదు. ఆ పేరు చెప్పుకోదగిన కారు లోకంలో మరొకటి లేదు. కనుక మొదటి రూపంలో నిలవకపోయినా ఇదే ప్రామాణికమైన ‘ఓల్డ్ నంబర్ వన్’ అని ఆయన నిర్ణయం.

ఈ తీర్పు పాత కార్లను పునరుద్ధరించేవారికి ఊరటనిచ్చింది, బాధ్యతను కూడా పెంచింది. భాగం మారినంత మాత్రాన కారు గుర్తింపు పోదు. కానీ ఏ భాగం, ఎప్పుడు, దేనితో మారిందో చెప్పగలగాలి. పాత కారును మెరిపించడం వేరు, పునరుద్ధరించడం వేరు. మన దేశంలో శిథిలాలయాల విషయంలో జీర్ణోద్ధరణ అనే మాట ఉంది. మంచి శిల్పి కూలిన మండపానికి సిమెంటు స్తంభం నిలబెట్టడు; అదే జాతి రాయిని వెదికి, అదే పద్ధతిలో చెక్కుతాడు. కార్ల విషయంలో నిపుణులు కోరేది కూడా అదే.

ఈ శ్రమ ఎంత సూక్ష్మమైనదో తెలియడానికి ఒక బోల్టు చాలు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ బ్రిటన్‌లో బోల్టుల మరలకు ఒక ప్రమాణం ఏర్పరచాడు. ఆ మరల కోణం 55 డిగ్రీలు. నేటి మెట్రిక్ బోల్టులలో అది 60 డిగ్రీలు. పైకి చూడడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. మెట్రిక్ బోల్టును పాత బ్రిటిష్ ఇంజనులో బలవంతంగా బిగిస్తే మొదట రెండు మూడు చుట్లు తిరుగుతుంది, ఆ తరువాత తొంబై ఏళ్లు నిలిచిన మరలను కొరికేస్తుంది. నేటి పానా కూడా ఆ బోల్టు తలకు సరిగా కుదరదు. అందుచేత అటువంటి కార్లు బాగుచేసే మెకానిక్ వద్ద పాత కొలతల పానాల జత వేరుగా ఉంటుంది. బోల్టు దొరకకపోతే లేత్ మిషను మీద పాత కొలతకే తయారుచేయిస్తాడు.

ఇంజనులోని బేరింగులది మరొక కథ. ఆనాటి ఇంజన్లలో చాలావాటికి తగరం ప్రధానంగా ఉన్న తెల్లలోహాన్ని కరిగించి బేరింగు లోపల పోసేవారు. చల్లారిన తరువాత షాఫ్టుకు నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన చోటనల్లా గీకుడు పనిముట్టుతో పలుచగా గీకేవారు. రంగు అంతటా సమానంగా అంటేవరకు ఈ పని సాగుతుంది. నేటి పలుచని బేరింగులు అమర్చుకుంటే పని త్వరగా ముగుస్తుంది, ఇంజను కూడా గట్టిగా ఉంటుంది. అయితే ఆ ఇంజనుతోబాటు మనకు చేరవలసిన ఒక చేతివిద్య అక్కడే ఆగిపోతుంది. కాలానుగుణమైన భాగాలు కావాలని పట్టుబట్టడం ఇటువంటి చోట చాదస్తం కాదు.

రంగు సంగతి చూస్తే, తొలినాటి కార్లకు గుర్రపుబండ్లకు వేసినట్లే కుంచెతో పొరమీద పొరగా రంగు, వార్నిషు వేసేవారు. అవి ఆరడానికి వారాలు పట్టేది. 1923లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ రంగును ప్రవేశపెట్టాక ఆ పని గంటలకు తగ్గింది. మన వడ్రంగి దుకాణాలలో నేటికీ వినిపించే ‘డ్యూకో’ అనే మాట అక్కడిదే. 1912 నాటి కారుకు నేటి రసాయనిక రంగు వేస్తే అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపే దాని అబద్ధాన్ని బయటపెడుతుంది. కార్ఖానా నుంచి వచ్చిన నాడు కూడా అది అంతగా మెరిసి ఉండదు!

విడిభాగాలను పరిశీలించేవారు పురావస్తు శాస్త్రజ్ఞుల వలె పనిచేస్తారు. 1960ల నాటి అమెరికన్ షెవర్లే ఇంజన్లపై పోతపోసిన తేదీ అక్షరాలలో, అంకెలలో ఉంటుంది. ‘సి’ అనే అక్షరం మార్చి నెలకు గుర్తు. దాని వెంట తేదీ, సంవత్సరపు చివరి అంకె ఉంటాయి. మార్చిలో తయారైన కారులో మే నెలలో పోతపోసిన ఇంజను ఉంటే అది తరువాత మార్చినదని వేరే సాక్ష్యం అక్కరలేకుండానే తెలిసిపోతుంది. అటువంటి భాగాలకు ధర ఎక్కువ గనుక దొంగముద్రలు కొట్టేవారూ పుట్టుకొచ్చారు.

ఆ కాలంలోనే తయారై, వాడకుండా అరలలో మిగిలిపోయిన భాగాలు దొరకడం అదృష్టమని భావిస్తారు. ఇనుప, ఇత్తడి భాగాల విషయంలో అది నిజమే. రబ్బరుకు మాత్రం ఆ మాట వర్తించదు. వాడినా వాడకపోయినా అది గట్టిపడి పగులుతుంది. యాభై ఏళ్ల నాటి కొత్త టైరు చూడడానికే గాని నడవడానికి కాదు. పాత బ్రేకులలో వాడిన ఆస్‌బెస్టాస్ ఊపిరితిత్తులకు హానికరం కనుక అక్కడ కూడా మార్పు తప్పదు. పాత ఇంజన్లలో కొన్ని సీసం కలిసిన పెట్రోలుకు అలవాటుపడినవి. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో నిలిచిపోయింది. అందువల్ల వాటి వాల్వులు కూర్చునే చోట గట్టి లోహపు వలయాలు అమర్చవలసి వస్తుంది. ఇక్కడ ప్రాణభద్రతదే పైచేయి. ప్రామాణికత పేరుతో బ్రేకు పట్టని కారును రోడ్డెక్కించేవాడు కళాప్రియుడు కాడు.

పునరుద్ధరణ అతిగా సాగినా నష్టమే. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ‘సిల్వర్ ఘోస్ట్’ ఉంది. దానిని కోరి చేయించుకున్న ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్, అది చేరకముందే 1911లో మరణించాడు. తరువాత అది తిరిగిన దూరం 350 మైళ్లకు కొంచెం పైగా మాత్రమేనంటారు. ఇంత తక్కువగా వాడిన కారులో ప్రతి చర్మపు కుట్టూ, ప్రతి కొయ్యపలకా ఆనాటి పనివాడి చేతిని చూపగలదు. అటువంటి దానికి తొలి కర్తవ్యం ఉన్నదానిని నిలుపుకోవడం, మార్చడం ఆ తరువాతి మాట. కారు పాతబడిన తరువాత ఎన్నిసార్లయినా పునరుద్ధరించవచ్చు. మొదటి రూపంలో ఉండే అవకాశం ఒక్కసారే.

ఇటలీ, స్విట్జర్లాండ్ దేశాల మధ్యనున్న మజోరే సరస్సు నుంచి 2009లో పైకి తీసిన బుగాటీ కారు ఈ భావనకు మరో అంచు. 1925 నాటి ఆ చిన్న కారు దశాబ్దాలపాటు యాభై మీటర్లకు పైగా లోతున పడి ఉంది. 2010లో వేలంలో రెండున్నర లక్షల యూరోలకు పైగా ధర పలికింది. కొన్నవారు దానికి రంగు వేయలేదు, విరిగినదాన్ని అతికించలేదు. తుప్పుతో, శిథిలమైన రేకులతో ఎలా పైకి వచ్చిందో అలాగే కాలిఫోర్నియాలోని ప్రదర్శనశాలలో నిలిపారు.

ఈ ఆలోచనలకు ప్రాచీన వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012 నాటి టురిన్ ఒడంబడికలో ఒక రూపమిచ్చింది. వీలైనంత వరకు సంరక్షణకే మొగ్గు చూపాలని, తప్పనిసరి మార్పులు మళ్లీ తీసివేయడానికి అనువుగా ఉండాలని దాని సారాంశం. మన దేశంలో 2021లో సవరించిన మోటారు వాహన నియమాలు కూడా అసలు రూపానికి విలువనిచ్చాయి. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనం చాసిస్‌లోనూ, దేహంలోనూ, ఇంజనులోనూ పెద్ద మార్పులకు లోనుకాకుండా ఉంటేనే ‘వింటేజ్’ వాహనంగా నమోదవుతుంది. దాని నంబరు పలకపై రాష్ట్ర సంకేతం పక్కన ‘విఎ’ అనే అక్షరాలు చేరతాయి.

నియమాలు ఎలా ఉన్నా, మంచి పనివాడి నిజాయితీ అతని దుకాణంలో ఒక మూల కనిపిస్తుంది. విప్పకముందే ప్రతి భాగానికీ ఫొటో తీస్తాడు. కొత్తగా చేయించిన భాగంపై, కంటికి వెంటనే కనపడని చోట, తయారైన సంవత్సరాన్ని చెక్కుతాడు. తొలగించిన పగిలిన తొడుగునూ, అరిగిన బుష్‌నూ పాత ఇనుప సామాను కొట్టుకు పంపడు. వాటికి చీటీలు కట్టి ఒక పెట్టెలో భద్రపరుస్తాడు. కారు చేతులు మారిన రోజున తాళం చెవులతోబాటు ఆ పెట్టె కూడా కొత్త యజమానికి చేరుతుంది.