అనపగింజ వేసవి దాకా

చిత్తూరు, మదనపల్లె వైపు సంక్రాంతి నెలలో ఏ అరుగు చూసినా అనపకాయల కుప్పే. వేరుశనగ మధ్య సాళ్లుగా వేసిన అనప, శనక్కాయ పీకేశాక చేనంతా తనదే అన్నట్టు అల్లుకుని, చలి ముదిరేసరికి కాపుకొస్తుంది. మంచులో తడిసిన కాయను ఒలిస్తే వేళ్లకు పట్టే వాసన మరే నెలలోనూ దొరకదు. గింజలను రాత్రి నానబెట్టి, తెల్లారి రెండు వేళ్ల మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. రాగిసంకటికి దాని పులుసు తోడైతే ఇంకో కూర అడిగేవాళ్లుండరు.

ఫిబ్రవరి దాటితే కాయ ముదిరి ఎండుతుంది. ధర పడిపోయిన రోజున కోత కూలి కూడా గిట్టదు. కాయ ముదరకముందే చివరి కోతల్లోని లేతగింజను ఇంటికోసం గడ్డకట్టించి దాచుకోవచ్చు. అమెరికాలో తెలుగువాళ్లు భారతీయ దుకాణాల్లో కొనే చిక్కుడు గింజలు, మునక్కాయ ముక్కలు అలా గడ్డకట్టించినవే.

చాలా ఇళ్లలో ఒలిచిన గింజలను కడిగి, అలాగే కవర్లో పోసి ఫ్రీజర్లో పెట్టేస్తారు. కొన్నాళ్లకు రంగు మాసిపోతుంది, రుచి తగ్గుతుంది. కోసిన తర్వాత కూడా గింజలోని ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి. చలికి వాటి వేగం తగ్గుతుంది కానీ ఆగదు. వాటి ఆట కట్టించేది మరుగునీళ్లే.

అరకిలో గింజలకు సుమారు 4 లీటర్ల నీళ్లు తెర్లించాలి. గింజలను పలుచని గుడ్డలో వదులుగా మూటకట్టి ముంచితే పైకి తీయడం తేలిక. నీళ్లు మళ్లీ తెర్లడం మొదలయ్యాకే లెక్క: చిన్న గింజకు 2 నిమిషాలు, ఒక మోస్తరు గింజకు 3. నిమిషంలోగా తిరిగి తెర్లకపోతే గింజలు ఎక్కువయ్యాయన్నమాట. తీసిన వెంటనే మంచుగడ్డలు వేసిన నీళ్లలో అంతే సేపు ఉంచాలి. ఆలస్యమైతే లోపలి వేడికే ఉడికిపోతాయి.

నీళ్లు ఓడ్చి, పొడిగుడ్డ మీద తడి ఆర్చి, పళ్లెంలో ఒకే వరసగా పరిచి ఫ్రీజర్లో పెడితే గింజలు విడివిడిగా గట్టిపడతాయి, ముద్దకట్టవు. తర్వాత ఒక పూట కూరకు సరిపడా కవర్లలో నింపి, గాలి నొక్కేసి, పైన తేదీ రాయాలి. మిగిలాయి కదా అని ఒకేసారి కిలోలకు కిలోలు కుక్కకూడదు. నెమ్మదిగా గడ్డకడితే పెద్ద మంచుపలుకులు ఏర్పడి గింజ కణాలను చీల్చేస్తాయి. కరిగాక గింజ నీరుకారి మెత్తబడుతుంది. 28 లీటర్ల జాగాకు రోజుకు కిలో సరైన కొలత. ఒంటి తలుపు ఫ్రిజ్ మంచు అరకు అరకిలో చాలు.

మైనస్ 18 డిగ్రీల చలిలో ఇవి 8 నెలలు బాగుంటాయి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో చాలావాటికి అంత చలి అందదు కనుక నెల, రెండు నెలల్లో వాడేయడం మంచిది. తలుపు మీద అంటించే నక్షత్రాలు కరెంటు పొదుపు గురించి చెప్పేవి, చలి గురించి కాదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తెరవకపోతే నిండుగా ఉన్న డీప్ ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండింది 24 గంటలు చలిని నిలుపుతుంది. ఊరెళ్లేవాళ్లు గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి వెళ్లాలి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగుకు దిగి ఉంటే మధ్యలో అంతా కరిగిందని తెలుస్తుంది. ఆ గింజలు పారబోయాల్సిందే, ఎంత మనసొప్పకపోయినా.

ఇదే పద్ధతిలో దాచుకునేందుకు పచ్చి బఠాణీకి ఒకటిన్నర నిమిషం, క్యారెట్ ముక్కలకు 2 నిమిషాలు, కాలీఫ్లవర్‌కు 3 నిమిషాలు మరుగునీళ్లు చాలు. దోసకాయ, ముల్లంగి గడ్డకట్టించడానికి పనికిరావు. బంగాళాదుంపను మామూలు ఫ్రిజ్‌లోనూ పెట్టకూడదు. చలికి అందులోని పిండి చక్కెరగా మారి వేపుడు నల్లబడుతుంది.

గడ్డకట్టించినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు. యూరప్‌లో గడ్డకట్టించిన మొక్కజొన్న గింజల వల్ల లిస్టీరియా సోకి, 2018 జూన్ నాటికి అయిదు దేశాల్లో 47 మంది జబ్బుపడ్డారు, వారిలో 9 మంది చనిపోయారు. అందుకే దాచిన గింజను గట్టు మీద కరగనివ్వకుండా, కవర్లోంచి నేరుగా తెర్లే పులుసులో వేసి పూర్తిగా ఉడికించాలి. పితికిపప్పే కావాలనుకుంటే ముందురోజు రాత్రి కవర్‌ను ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకుని, తెల్లారగానే పితికి పొయ్యి మీదకు ఎక్కించాలి.