పుష్కరాల గురుడు, రోమన్ల జూపిటర్

గోదావరి పుష్కరాలకు ముహూర్తం పెట్టేది గురుగ్రహం. బృహస్పతి సింహరాశిలో అడుగుపెట్టగానే రాజమహేంద్రవరం కోటిలింగాల రేవులోనూ, అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రంలోనూ స్నానాలు మొదలవుతాయి. 2003, 2015లలో అయ్యాయి, తర్వాతివి 2027లో. అదే గురుడు కన్యారాశికి వస్తే కృష్ణకు, మేషానికి వస్తే గంగకు పుష్కరాలు. గ్రహం సూర్యుడిని చుట్టిరావడానికి పట్టేది సుమారు 11.86 ఏళ్లు, పన్నెండేళ్ల లెక్కకు మూలం అదే.

ఈ గ్రహాన్నే రోమన్లు జూపిటర్ అన్నారు. గ్రీకుల జ్యూస్‌కు సాటి ఈయనే. పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. జూపిటర్ దేవతల రాజు, ఆయుధం పిడుగు. బృహస్పతి దేవతల గురువు మాత్రమే; రాజరికం, వజ్రాయుధం మన పురాణాల్లో ఇంద్రుడివి. గ్రహం ఒకటే, పదవులు వేరు. జతపరచండి ప్రశ్నకు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

గ్రీకు, రోమన్ పేర్లు ఖగోళంలోనూ అక్కరకొస్తాయి. 1610లో గెలీలియో చూసిన నాలుగు గురుగ్రహ ఉపగ్రహాలు అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో. నలుగురూ జ్యూస్ కథల్లోని పాత్రలే. 2016లో గురుగ్రహ కక్ష్యలోకి చేరిన నాసా నౌక జునో. పురాణంలో జూపిటర్ భార్య! పేరు పెట్టినవారికి హాస్యం బాగానే తెలుసు.

మరో జత: యుద్ధదేవుడు గ్రీకులకు ఏరీస్, రోమన్లకు మార్స్. మనకు దేవసేనాని కుమారస్వామి. తారకాసురుణ్ణి చంపిన ఆయన పేరుమీదే సామర్లకోట పంచారామం కుమారారామమైంది.