ఖైదీ ఓటు

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున, మలకపేట దాటిన పిమ్మట, విజయవాడకు పోవు రాజమార్గము మీద దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, లాల్ బహాదుర్ నగర్ అను పేటలు వరుసగా వచ్చును. కడపటిదానిని జనులు ఎల్.బి. నగర్ అని పొట్టిగా పిలుతురు. 2018వ సంవత్సరము నుండి ఈ దారి వెంట ఎత్తైన స్తంభముల మీద మెట్రో రైలు నడుచుచున్నది. క్రింద బస్సులు, చీరల దుకాణములు, పుస్తకముల అంగళ్లు, ఉద్యోగ పరీక్షలకు శిక్షణ నిచ్చు సంస్థలు. తెల్లవారినది మొదలు రాత్రి ప్రొద్దుపోవు వరకు జనసమ్మర్దము తగ్గదు.

ఈ దారి కిరువైపుల కొసలకు చేరువగా రెండు కట్టడము లున్నవి. పడమట మలకపేట ప్రక్కన చంచల్‌గూడ కేంద్ర కారాగారము. అది నిజాము కాలమున 1876లో వెలసినది. తూర్పున ఎల్.బి. నగరులో రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు. ఖైదీలను తీసికొనిపోవు పోలీసు బండ్లు మా పాఠశాల ముందు నుండి పోవుచుండుట మా పిల్లలు తరచుగా చూతురు. బండి కిటికీకి బిగించిన ఇనుపవల వెనుక ముఖములు కనబడును. ఎవరివో పోల్చుకొనుటకు వీలుండదు.

నేను ఆ ప్రాంతమునందలి యొక పాఠశాలలో ఎనిమిదవ తరగతికి తెలుగు చెప్పువాడను. 2023 నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నిక జరిగెను. దానికి వారము దినముల ముందు, "చెరసాలలో నున్నవారికి ఓటు ఉండవలెనా?" అను విషయముపై మాటలాడుడని మా విద్యార్థులకు చెప్పితిని. విషయమును నేనే ఎన్నుకొంటిని. అది యెంత బరువైనదో అప్పటికి నాకు తెలియదు.

మొదట ఒక బాలిక లేచి, "ఉండరాదు" అని ఖండితముగా పలికెను. ఆమె తాతగారు 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కొరకు నిలిచియుండిరట. ఆ సాయంకాలము నగరవాసులెవ్వరును మరచునది కాదు. బస్సు నిలుచు చోటికిని సినిమాహాళ్లకును చేరువగా, సైకిళ్లకు తగిలించి యుంచిన రెండు బాంబులు వెంటవెంటనే ప్రేలెను. పదునెనిమిది మంది ప్రాణములు కోల్పోయిరి. నూరుమందికి పైగా గాయపడిరి. నేరము చేసినట్లు తేలిన ఐదుగురికి 2016లో ప్రత్యేక న్యాయస్థానము మరణశిక్ష విధించెను. 2025 ఏప్రిలులో తెలంగాణ హైకోర్టు ఆ తీర్పును స్థిరపరచెను.

"ఆ నాటి నుండి మా తాతయ్యకు ఒక చెవి వినబడదు. మా తాతయ్య ఓటును, బాంబు పెట్టినవాని ఓటును ఒక్కచోటనే లెక్కింపవలెనా? రెంటికిని విలువ ఒక్కటేనా, సార్?" అని ఆ బాలిక అడిగెను. తరగతి నిశ్శబ్దమైనది.

అప్పుడు వెనుక బల్ల నుండి ఒక బాలుడు లేచెను. వాడు అడిగినగాని పలుకడు. పుస్తకములో మడిచి దాచిన యొక కాగితమును తీసి, "సార్, నిన్న మా ఇంటికి ఓటరు చీటీలు తెచ్చి ఇచ్చినారు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. నాన్న చంచల్‌గూడలో ఉన్నాడు. కేసు నడుచుచున్నది, తీర్పు ఇంకను రాలేదు. ఈ చీటీని ఏమి చేయవలెను?" అని అడిగెను.

ఆ కేసేమిటో నేను అడుగలేదు. తరగతిలో అడుగదగిన ప్రశ్న కాదది. "రేపు చెప్పెదను" అంటిని. నిజమునకు నాకు సమాధానము తెలియదు. ఆ రాత్రి చట్టమును ముందు వేసికొని కూర్చుంటిని.

మన రాజ్యాంగములోని 326వ అధికరణము వయోజనులందరికిని ఓటు నిచ్చినది. మొదట ఇరువది యొకటిగా నున్న వయఃపరిమితి 61వ సవరణచే 1989 నుండి పదునెనిమిదైనది. ధనికుడు, పేద, చదువరి, చదువురానివాడు అను భేదము లేదు. కాని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టములో 62వ విభాగమునందలి ఐదవ ఉపవిభాగము, చెరసాలలో నున్నవారెవ్వరును ఓటు వేయరాదని చెప్పుచున్నది. శిక్షపడి యున్నను, ద్వీపాంతరవాస శిక్షలో నున్నను, మరి యే కారణముచే నున్నను, పోలీసుల నిర్బంధములో నున్నను నిషేధ మొక్కటే. (ద్వీపాంతరవాసము మన శిక్షల పట్టిక నుండి 1956 నాటికే తొలగినది. మాట మాత్రము ఆ వాక్యములో నేటికిని నిలిచియున్నది. చట్టములకును పాత సామాను పారవేయ మనసొప్పదు కాబోలు!)

ఈ నియమమును పైపైన చదివినచో నేరస్థులకు ఓటు లేదని చెప్పినట్లుండును. నిదానించి చూచిన వేరొకటి కనబడును. హత్యానేరమునకు శిక్షపడినవాడు పై కోర్టులో అప్పీలు చేసికొని జామీనుపై బయట నున్నచో, పోలింగు కేంద్రమునకు పోయి ఓటు వేయవచ్చును. చిన్న దొంగతనము మోపబడి, జామీను సొమ్ము కట్టలేక, విచారణ కొరకు లోపల ఎదురుచూచు నిరుపేద వేయరాదు. అతడు నేరము చేసెనని ఏ న్యాయాధిపతియు చెప్పలేదు. అప్పు తీర్చక సివిలు కోర్టు ఉత్తరువుచే చెరసాలకు పోయినవానికిని లేదు. ముందు జాగ్రత్తగా ప్రభుత్వము నిర్బంధించినవారికి మాత్రము ఓటున్నది. వారికి బ్యాలెట్టు పత్రము తపాలా ద్వారా పంపబడును. కాబట్టి చట్టము గీచిన గీత నేరము వద్ద లేదు, చెరసాల గోడ వద్ద నున్నది. గోడకు ఇవతల దోషియైనను ఓటరే. అవతల నిర్దోషియైనను కాడు.

విచారణలో నున్నవారు ఎందరో కొలదిమందియే కదా యని మీరనుకొనవచ్చును. ప్రభుత్వము ప్రకటించిన లెక్కల ప్రకారము 2022 చివర భారతదేశములోని చెరసాలలలో 5,73,220 మంది ఉండిరి. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అనగా నలుగురిలో ముగ్గురు తీర్పు కొరకు వేచియున్నవారు. ఆ బాలుని తండ్రి ఈ ముగ్గురిలోని వాడు.

మరి ఓటు లేనివాని ఇంటికి చీటీ యేల వచ్చినది? దీనికొక చిన్న చరిత్ర కలదు. ఓటు వేయలేనివాడు అభ్యర్థిగా కూడ నిలువరాదని 2013 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రెండు నెలలు తిరుగక ముందే పార్లమెంటు చట్టమును సవరించినది. చెరసాలలో నున్నంత మాత్రమున ఓటరుల జాబితాలోని పేరు తొలగదనియు, అతడు ఓటరుగానే యుండుననియు చెప్పినది. అందుచే పేరు నిలిచినది, చీటీ వచ్చినది, ఓటు మాత్రము రాలేదు! ఎన్నికలో నిలుచుటకు చెరసాల అడ్డు కాదని అంతకు ముందే చరిత్ర చూపియుండెను. 1977లో జార్జి ఫెర్నాండెజ్ చెరసాల నుండియే బీహారులోని ముజఫర్‌పూరు స్థానమునకు పోటీచేసి, గొప్ప ఆధిక్యముతో గెలిచెను. లక్షలమంది ఆయనకు ఓటు వేసిరి. ఆయన మాత్రము వేయుటకు వీలులేకుండెను.

ఇంకొక విచిత్రమును వినుడు. 2012 జూలైలో రాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు, ఇదే చంచల్‌గూడ కారాగారములో విచారణ ఖైదీగా నున్న ఒక లోక్‌సభ సభ్యుడు న్యాయస్థానపు అనుమతితో శాసనసభా భవనమునకు వచ్చి ఓటు వేసెను. రాష్ట్రపతి ఎన్నికకు వేరు చట్టము కలదు. దానికి ఈ నిషేధము వర్తింపదు. ఒకే ద్వారము ఒకరికి తెరచుకొనెను. ప్రక్క గదులలోని వారికి ఏ ఎన్నికలోను తెరచుకొనదు.

ఈ నిషేధము న్యాయమైనదేనని 1997లో సుప్రీంకోర్టు చెప్పినది. ఖైదీలందరిచేత ఓటు వేయించుటకు పోలీసులు, బందోబస్తు, ధనము చాలవనియు, తన నడవడిచే చెరసాల పాలైనవాడు స్వేచ్ఛతోపాటు ఓటును కోల్పోవుట తప్పదనియు, నేరచరిత్ర కలవారిని ఎన్నికలకు దూరముగా నుంచుట మంచిదనియు ఆ తీర్పు సారము. పెద్దల మాటను కాదనుటకు నేనెంతవాడను? అయినను మొదటి కారణము నాకు రుచింపలేదు. కొందరికి తపాలా ద్వారా పంపిన పత్రమును మిగిలినవారికి పంపుట అసాధ్యమగునా? రెండవ కారణము శిక్షపడినవానికి తగును. తీర్పు రానివాని నడవడిని ముందుగా నిర్ణయించుట యెట్లు?

మరునాడు ఈ సంగతులన్నియు తరగతిలో చెప్పితిని. బాలుడు తలవంచుకొని వినెను. బాలిక మాత్రము విడువలేదు. "శిక్షపడినవారి మాటేమి, సార్?" అనెను.

అసలైన చిక్కు అచ్చటనే యున్నది. లోకములో దీనికి ఒక్క సమాధానము లేదు. బ్రిటనులో 1870 నాటి చట్టము పెద్ద నేరములు చేసినవారికి ఓటు తీసివేసెను. కెనడా సుప్రీంకోర్టు 2002లో, శిక్ష అనుభవించుచున్నవారును పౌరులే గనుక వారి ఓటు తీయరాదని చెప్పినది. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురు ఒకవైపు, నలుగురు మరియొకవైపు నిలిచిరనిన ఈ ప్రశ్న యెంత కఠినమో తెలియును. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము 1999లో ఖైదీలు ఓటు వేయుటకు ఏర్పాటు చేయవలసినదిగా ఆజ్ఞాపించెను. అమెరికాలో మెయిన్, వెర్మాంటు రాష్ట్రములలో చెరసాల నుండియే ఓటు వేయుదురు. మరికొన్ని రాష్ట్రములలో శిక్ష ముగించుకొని ఇంటికి వచ్చినవారికి సైతము వెంటనే ఓటు దొరకదు. ఈ విషయమున మన చట్టము మేలైనది. గోడ దాటి వచ్చిన నాడే ఓటు తిరిగి వచ్చును. లంచమిచ్చి ఓట్లు కొన్నవానికి, ఒకరి పేర వేరొకరై ఓటు వేసినవానికి శిక్షపడినచో, బయట నున్నను ఆరేండ్లు ఓటు లేకుండ చేయు నియమము వేరుగా నున్నది. ఓటును చెరచినవాడు ఓటును కోల్పోవుట సబబే.

నా అభిప్రాయమును పిల్లల వద్ద దాచలేదు. తీర్పు రానివారికి తపాలా ఓటు వెంటనే ఇయ్యవలెను. శిక్షపడినవాని విషయమున, ఓటు తీయవలసినంత నేరమైనచో న్యాయాధిపతి తీర్పులో ఆ మాట వ్రాసి, ఎన్నేండ్లో చెప్పవలెను. చెరసాల తలుపు న్యాయాధిపతి పని చేయరాదు. "దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పెట్టినవారి తీర్పును నేనే వ్రాయవలసి యుండినచో, ఓటు తీసివేయుదునమ్మా" అని ఆ బాలికతో అంటిని. వారిలో ఒకడు పరదేశీయుడు. వానికి ఇచ్చట ఓటు ప్రశ్నయే లేదు. కాని ఐదుగురి మీది కోపముతో లక్షలమందికి నియమము వ్రాయుట నాకు సమ్మతము కాదు. మన ఎల్.బి. నగరు ఎవరి పేర వెలసినదో ఆ లాల్ బహాదుర్ శాస్త్రిగారును స్వాతంత్ర్య సమరములో కొన్నేండ్లు చెరసాలలో గడిపినవారే కదా యని కూడ అంటిని. "ఆయన బాంబు పెట్టలేదు కదా, సార్" అని ఆ బాలిక వెంటనే బదులు చెప్పెను. ఆ మాటకు నా వద్ద జవాబు లేకపోయెను.

ఎన్నికనాడు మా పాఠశాలయే పోలింగు కేంద్రము. నేను ఓటు వేసి వచ్చుచుండగా ద్వారము వద్ద ఆ బాలుడు తల్లితో కనబడెను. ఆమె వ్రేలిమీద సిరా ఇంకను ఆరలేదు.

"జాబితాలో ఆయన పేరు నా పేరుకు పైననే ఉన్నది, సారూ. నా పేరు చదివి గీత గీసినారు. ఆయన పేరు అట్లనే ఉన్నది" అని ఆమె చెప్పెను.

బాలుడు చొక్కా జేబులో నుండి ఆ చీటీని తీసి చూచి, మరల నలుగకుండ మడిచి పెట్టుకొనెను. ఎల్.బి. నగరు వైపు పోవు బస్సు వచ్చుటతో తల్లీకొడుకులు ఎక్కి వెళ్లిపోయిరి.