మనిషి ఒంటరివాడా? నలుగురిలో ఒకడా?

మనిషి అంటే ఎవరు? దేవుని ఎదుట ఒంటరిగా నిలబడే ఆత్మా? లేక అయినవారితో, ఊరివారితో కలిస్తేనే నిండయ్యే ప్రాణా?

క్రైస్తవ బోధ ప్రకారం దేవుడు మనిషిని తన స్వరూపంలో సృజించాడు. ఆదాము అతిక్రమణతో మానవ స్వభావం చెడింది; దేవుని కృపతోనే అది బాగుపడుతుంది. బాప్టిస్టులైతే పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు. ప్రతి వ్యక్తీ తానే విశ్వసించి ఒప్పుకోవాలంటారు.

ఆఫ్రికాలోని అనేక జాతుల ఆలోచన మరో వైపు నుంచి మొదలవుతుంది. సాటి మనుషుల వల్లనే మనిషి మనిషవుతాడన్నది దక్షిణాఫ్రికా సామెత. ఈ భావననే ‘ఉబుంటు’ అంటారు. కెన్యాకు చెందిన క్రైస్తవ పండితుడు జాన్ ఎంబిటి 1969లో వెలువరించిన గ్రంథంలో ఈ దృష్టినే వివరించాడు.

ఈ రెండు దృష్టులూ మన నెల్లూరు తీరంలోనూ ఎదురుపడ్డాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. పాతికేళ్లు గడిచినా ఆ మతంలో చేరినవారు కొద్దిమందే. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వెళ్లాడు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని బాధితులకు కూలి కల్పించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు నిలిపివేశాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు.

నియమం ఒక్కొక్కరిదే, వచ్చింది మాత్రం కుటుంబాలుగా, బంధువర్గాలుగా. విగ్రహారాధన, చచ్చిన పశువు మాంసం, ఆదివారం పని మానాలన్నది షరతు. ఆదివారం పని మానితే ఊరి పెద్దల ఆగ్రహం తప్పదు. ఆ ఒత్తిడికి ఒంటరివాడు నిలవడం కష్టం. బంధువులు వెంట ఉంటే నిలవగలడు.

ఇస్లాం ఏమంటుంది? ప్రతి శిశువూ నిర్మలమైన సహజ స్వభావంతో, అంటే ఫిత్రత్‌తో పుడుతుందని దైవప్రవక్త (స) బోధ. ఆదం (అలై) పశ్చాత్తాపాన్ని అల్లాహ్ స్వీకరించాడు. ఒకరి పాపభారం మరొకరు మోయరు. క్రైస్తవ బోధతో మనకున్న తేడా ఇక్కడే. అయితే లెక్క అప్పగించేది ఒంటరిగానే అయినా, బతుకు ఒంటరిది కాదు. జకాత్, బంధువుల హక్కు, పొరుగువారి హక్కు చెప్పేది ఇదే.

సోదరులారా! సత్యమని నమ్మి అయినవారిని వదులుకుని వచ్చినవానికి మస్జిదు వరుసలో చోటిచ్చాం, మంచిదే. మరి అతని ఇంట పెళ్లినాడు, చావునాడు, కరువునాడు పక్కన నిలుస్తున్నామా? ఆలోచించండి!