సైకాలజీ అంటే కౌన్సెలింగ్ గది ఒక్కటే కాదమ్మా

చి. అమ్మాయికి,


డిగ్రీలో సైకాలజీ తీసుకుంటానని నువ్వు చెప్పినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే ప్రశ్న: ‘పిచ్చి డాక్టరు అవుతుందా?’ మన జనానికి సైకాలజీ అనగానే కౌన్సెలింగ్ గది తప్ప ఇంకేమీ గుర్తుకు రాదు. ఈ శాస్త్రంలో ఆ గది ఒక వాటా మాత్రమే. ఏ శాఖ దేన్ని పరిశోధిస్తుందో తెలుసుకుని, నీ మనసు ఎటు లాగుతుందో చూసుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు అందరూ అడిగే క్లినికల్ సైకాలజీ. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన ఆ విభాగంలో పీజీ చేసిన వైద్యుడు, మందులు రాస్తాడు. క్లినికల్ సైకాలజిస్టు పరీక్షలతో మనిషి ఇబ్బందిని అంచనా వేసి, మాటల ద్వారా, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే పద్ధతుల ద్వారా చికిత్స చేస్తాడు. మన దేశంలో ఆ హోదాలో పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఉత్త ఎమ్మే పట్టా చాలదు. ఈ సంగతి ఎమ్మే అయ్యాక తెలుసుకుని బాధపడేవాళ్ళు ఉంటారు, అందుకే ఇప్పుడే చెబుతున్నాను.

అసలు ఈ శాస్త్రం నిలదొక్కుకున్నది ప్రయోగశాలలో. 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ పెట్టిన ల్యాబ్‌ను దానికి మొదలుగా చెబుతారు. 1916 నాటికి కలకత్తా విశ్వవిద్యాలయంలో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో సైకాలజీ విభాగం నడుస్తోంది.

జ్ఞాపకం, దృష్టి, ఆలోచన, భాష వంటివి కాగ్నిటివ్ సైకాలజీ కిందికి వస్తాయి. మెదడుకూ వాటికీ ఉన్న లంకెను న్యూరోసైకాలజీ వెతుకుతుంది. ఈ రెండూ కలిసే చోట హెన్రీ మొలైసన్ కథ తప్పకుండా చదవాలి. మూర్ఛ తగ్గడానికి 1953లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, అమెరికాలో అతనికి ఆపరేషన్ చేసి మెదడుకు రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత జరిగిన ఏ సంగతీ అతని జ్ఞాపకంలో నిలవలేదు. కెనడా శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతని చేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. రోజురోజుకూ చెయ్యి కుదిరింది, తప్పులు తగ్గాయి. తను ముందురోజు ఆ పని చేసినట్టు మాత్రం అతనికి గుర్తే లేదు. సంగతులు గుర్తుపెట్టుకోవడం వేరు, చేతికి పని అలవడడం వేరు అని ఆ ఒక్క మనిషి వల్ల తేలింది. 2008లో చనిపోయేదాకా పరిశోధనకు సహకరిస్తూనే ఉన్నాడు. ఈ శాస్త్రం అతనికి రుణపడి ఉంది.

పిల్లలు ఎదిగే కొద్దీ ఆలోచన ఎలా మారుతుందో డెవలప్‌మెంటల్ సైకాలజీ చూస్తుంది. మీ పిన్ని కొడుకుతో ఇంట్లోనే చేసి చూడు: ఒకేలాంటి రెండు గ్లాసుల్లో నీళ్ళు సమానంగా పోసి, ఒకదాన్ని వాడి ముందే సన్నటి పొడుగాటి గ్లాసులోకి వంపు. నాలుగైదేళ్ళ పిల్లలు సాధారణంగా పొడుగు గ్లాసులోనే ఎక్కువ నీళ్ళున్నాయంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన జాఁ పియాజే ఇలాంటి చిన్న పనులతోనే పెద్ద సిద్ధాంతం కట్టాడు.

మనుషులు ఒకరి ప్రభావంలో ఒకరు ఎలా ఆలోచిస్తారో, నడుచుకుంటారో చూసే సోషల్ సైకాలజీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ మనవాళ్ళ పని ఉంది. 1934 జనవరి 15న బీహార్‌ను భూకంపం కుదిపింది. ఆ తర్వాత వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ సేకరించి 1935లో ప్రచురించాడు. తుఫాను వస్తుందని, చంద్రగ్రహణం నాడు భూమి మళ్ళీ కంపిస్తుందని జనం చెప్పుకున్నారు. అదీ భూమి ఊగినా నష్టం అంతగా జరగని చోట! 1950లో డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడినప్పుడు విధ్వంసాన్ని కళ్ళారా చూసినవాళ్ళలో దుర్గానంద్ సిన్హాకు అలాంటి పుకార్లు కనబడలేదు. అమెరికా సైకాలజిస్టు లియాన్ ఫెస్టింజర్ ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాడు. భయం అప్పటికే మనసులో ఉంది, కళ్ళెదుట కారణం లేదు. ఆ కారణాన్ని పుకారు సమకూర్చింది. 1957లో అతను ప్రకటించిన కాగ్నిటివ్ డిసొనెన్స్ (మనసులోని విషయాలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు కలిగే ఇబ్బంది) సిద్ధాంతానికి ఈ ఆలోచన ఒక మెట్టు. వాట్సాప్‌లో వచ్చే ప్రతి హెచ్చరికకూ బెదిరిపోయే మన ఇళ్ళలో ఈ శాఖ చదివినవాళ్ళ అవసరం చాలా ఉంది.

ఉద్యోగుల గురించి, సంస్థల గురించి ఇండస్ట్రియల్ సైకాలజీ, బడుల గురించి ఎడ్యుకేషనల్ సైకాలజీ ఉన్నాయి. ఉద్యోగాల సంగతి అడిగే నాన్నకు వీటిని చెప్పు.

ఏ శాఖకు వెళ్ళినా స్టాటిస్టిక్స్ తప్పదు. లెక్కలంటే భయపడి ఆర్ట్స్ వైపు వచ్చానన్నావు కాబట్టి, ఈ సెలవుల్లోనే సగటు, విచలనం, సహసంబంధం మొదలుపెట్టు. సీటు కోసం దరఖాస్తు పెట్టేముందు ఆ కాలేజీకి వెళ్ళి, సైకాలజీ ల్యాబ్ ఉందా, విద్యార్థులే ప్రయోగాలు చేస్తారా, లేక రికార్డులు చూసి రాసేస్తారా అని సీనియర్లను అడుగు. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్‌లో నీపిడ్ అనే జాతీయ సంస్థ ఉంది. అక్కడ ఏ కోర్సులున్నాయో, వాటికి ఏ అర్హత కావాలో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న